పంటు తప్పిన రాత్రి

"మాస్టారూ! మావయ్యకు బ్యాచిలర్ పార్టీ ఏర్పాటు చేయవలసింది మీరే" అని మా మిత్రుని మేనల్లుడు హైదరాబాదు నుండి ఫోను చేసేసరికి నేను కత్తిపీట ముందు కూర్చొని గుత్తివంకాయ కూరకు కాయలు చీలుస్తున్నాను. ఒక చేత ఫోను, ఒక చేత వంకాయ. ఆ మావయ్యగారి వయస్సు అరవైయైదు. నాకంటె ఆరు నెలలు పెద్ద. తెలుగు పండితుడుగా పనిచేసి 2019లో పదవీ విరమణ చేసినవాడు. భార్య 2018లో కాలం చేసింది. 2024 కార్తీకమాసంలో, తనతో ఒకప్పుడు ఒకే పాఠశాలలో హిందీ పండితురాలిగా పనిచేసిన ఒకావిడను వివాహమాడబోతున్నాడు. ఆవిడ భర్త పోయి పన్నెండేళ్ళు. పిల్లలు లేరు.

ఇందులో వింత ఏమీ లేదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబరు 11న. ఆ ఊళ్ళోనే చదువుకొని, ఆ ఊళ్ళోనే పాఠాలు చెప్పి, ఆ పంతులుగారి జీవితాన్ని ఏటేటా పిల్లలచేత వల్లె వేయించిన మావంటి వాళ్ళకు, నూట నలభై మూడేళ్ళ తరువాత అటువంటి పెళ్ళి విశేషం కాకూడదు. కాని అయింది. "ఈ వయస్సులోనా?" అన్నవాళ్ళలో ఆ పాఠం చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు. నేను పైకి అనలేదు. మనస్సులో అనుకొన్నాను. ఒప్పుకొంటున్నాను.

మేనల్లుడు ఆ సాయంత్రమే ఒక పట్టిక పంపించాడు. గోవాలో మూడు రాత్రులు. అది కుదరకపోతే హైదరాబాదు శివారులో ఒక ఫామ్‌హౌస్. అందరికీ ఒకే రంగు చొక్కాలు, వాటి వీపుమీద 'టీమ్ గ్రూమ్' అని అక్షరాలు. పాటలు, ఆటలు, పానీయాలు. ఇంగ్లీషు పద్ధతిలో ఈ విందు బాధ్యతంతా 'బెస్ట్ మ్యాన్' అనే తోడిపెళ్ళికొడుకుదట. ఆ పదవి నాకు లభించిందన్నమాట. ఉద్యోగంలో ఉండగా ప్రధానోపాధ్యాయ పదవే దక్కలేదు, ఇదైనా దక్కింది గదా అనుకొన్నాను.

బ్రిటనులో దీనిని స్టాగ్ పార్టీ అంటారు. స్టాగ్ అంటే కొమ్ములు తిరిగిన మగ దుప్పి. పెళ్ళికూతురు చెలికత్తెలతో చేసుకొనేది హెన్ పార్టీ, అనగా కోడిపెట్టల విందు. ఒకరు మృగం, ఒకరు పక్షి. ఇద్దరూ కలిసి మనుష్యులు కావడం మరునాటి మాట కాబోలు. దీనికి తెలుగు మాట ఒకటి చెప్పమని మేనల్లుడు అడిగితే 'దుప్పి విందు' అన్నాను. అది దుప్పిమాంసంతో చేసిన విందు అవుతుందేమోనని మా వ్యాకరణం సందేహించాడు. (వ్యాకరణం అంటే శాస్త్రం కాదు, మా మరొక మిత్రునికి శిక్షణ రోజుల్లో మేము పెట్టిన పేరు. షష్ఠీ తత్పురుషమా, తృతీయా తత్పురుషమా తేల్చకుండా కాఫీ కూడా త్రాగడు.)

నిజానికి బ్రహ్మచర్యానికి వీడ్కోలు చెప్పే తంతు మనకు లేకపోలేదు. స్నాతకమనేది అదే. గురుకులంలో చదువు ముగించినవాడు మంగళస్నానం చేసి, కొత్త బట్టలు కట్టి, కుండలాలు ధరించి, కాటుక పెట్టుకొని, అద్దంలో ముఖం చూసుకొని, గొడుగూ చెప్పులూ కర్రా పుచ్చుకొని ఇంటిముఖం పడతాడు. సమావర్తనమంటే తిరిగి రావడమే గదా! అన్నాళ్ళూ అద్దమూ గొడుగూ నిషిద్ధమైన కుర్రవాడికి ఒక్కసారిగా అవన్నీ చేతికివ్వడంలో ఎంత సరదా ఉన్నదో ఆలోచించండి. ఆ పిమ్మట కాశీయాత్ర. "నాకు సంసారం వద్దు, కాశీకి పోతాను" అని వరుడు వీథిలోకి నడవడం, బావమరిది ఎదురు వచ్చి గడ్డం క్రింద బెల్లం పెట్టి బతిమాలడం. పోయేవాడికి పోయే ఉద్దేశం లేదు, ఆపేవాడికి ఆగడేమోనన్న భయం లేదు. కాని ఆ నాలుగడుగులూ నడవనిదే పెళ్ళికి రుచి లేదు.

అయితే స్నాతకం జీవితంలో ఒక్కసారే. రెండవ పెళ్ళికి లేదు. పైగా ఇది పురోహితుడు లేని పెళ్ళి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం క్రింద, ముప్పై రోజుల ముందు నోటీసు ఇచ్చి, రిజిస్ట్రారు ఎదుట ముగ్గురు సాక్షులతో సంతకాలు. కాబట్టి పెళ్ళికి ముందటి రాత్రికి శాస్త్రం మాకు ఏ దారీ చూపలేదు. గోవా దారి చూపిన మేనల్లుడికి "మీ మావయ్యకు బీపీ, వ్యాకరణానికి షుగరు, నాకు మోకాళ్ళు" అని జవాబు చెప్పి, నాకు తట్టినది చెప్పాను. "కోటిపల్లి రేవులో పంటు తప్పిపోదాం."

అతనికి అర్థం కాలేదు. అర్థం కావాలంటే 1986కు వెళ్ళాలి.

అప్పటికి మేము రాజమండ్రిలో పండిత శిక్షణ ముగించుకొని, తలో ఊళ్ళో ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. నలుగురం. ఇప్పటి పెళ్ళికొడుకు, వ్యాకరణం, నేను, అవధాని. ఈ నాలుగవవాడు నిజంగా అవధానాలు చేసినవాడు కాదు. చేయాలని చచ్చేటంత కోరిక గలవాడు. మా వసతిగృహంలో ప్రతి శనివారం రాత్రీ మమ్మల్ని పృచ్ఛకులుగా కూర్చోబెట్టి హింసించేవాడు. ఆ వైశాఖంలో మా మిత్రుని పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురిది ముక్తేశ్వరం అవతల కోనసీమ పల్లె. మగపెళ్ళివారంతా మధ్యాహ్నమే కోటిపల్లి రేవు దాటి వెళ్ళిపోయారు. వరుడు మాత్రం పదవ తరగతి జవాబు పత్రాలు దిద్దే పనిలో చిక్కుకొని, ఆ సాయంత్రానికి గాని బయటపడలేదు. అతనితో మేము ముగ్గురం. బస్సు ద్రాక్షారామం దగ్గర చక్రం పంచరై ఆగింది. మేము రేవులో దిగేసరికి చివరి పంటు నడిగోదావరిలో ఉన్నది. దాని దీపం కనబడుతూనే ఉన్నది. అవధాని ఒడ్డున నిలబడి శ్రీనాథుని మించిన గొంతుతో కేకలు పెట్టాడు. పంటు వెనక్కి రాలేదు.

(పంటు చూడనివారికి: రెండు పడవలను జతచేసి పైన బల్లలు పరిస్తే పంటు. మనుషులే కాదు, సైకిళ్ళు, ఎడ్లబళ్ళు, తరువాత తరువాత కార్లు, లారీలు కూడా దానిమీదనే దాటేవి. కోనసీమవారికి పెళ్ళయినా చావయినా పంటువాడి గడియారంతో ముడిపడి ఉండేది.)

ముహూర్తం మరునాటి రాత్రికి గనుక కొంప మునగలేదు. కాని అవతల మగపెళ్ళివారు, ఆడపెళ్ళివారు ఆ రాత్రంతా ఏమనుకొని ఉంటారో! పెళ్ళికొడుకు నిజంగానే కాశీకి పోయాడనుకొన్నవారు కూడా ఉన్నారని తరువాత తెలిసింది. ఫోను లేదు, మరో దారి లేదు. రేవుగట్టు మీద ఒక బడ్డీకొట్టువాడు మిగిలిన అరటిపళ్ళు, నాలుగు బన్నులు అమ్మి, దీపం ఆర్పుకొని పోయాడు. వేసవి గోదావరి, నీరు తక్కువ, ఇసుక ఎక్కువ. ఆ ఇసుకలో తువ్వాళ్ళు పరుచుకొని కూర్చున్నాం. వరుడు ఏడ్చినంత పని చేశాడు. అప్పుడు అవధాని "మంచిది, ఈ రాత్రి నా అష్టావధానం" అన్నాడు.

ఎనమండుగురు పృచ్ఛకులు కావాలి, ఉన్నది ముగ్గురం. ఒక్కొక్కరం రెండేసి మూడేసి అంశాలు పట్టాం. ఘంటాగణనానికి గంట లేదు; రేవులో కుక్కల మొరుగులు లెక్కపెట్టమన్నాం. అప్రస్తుత ప్రసంగం వ్యాకరణానికి అప్పగిస్తే అతడు ప్రస్తుత ప్రసంగం తప్ప మరొకటి చేయలేకపోయాడు. వరుడు దత్తపదిగా 'పంటు, బన్ను, పంచరు, మామ' ఇచ్చి, వీటితో సీతాకల్యాణం చెప్పమన్నాడు. అవధాని చెప్పాడు. యతి తప్పింది, మేము క్షమించాం. కుక్కల మొరుగులు నూట పదహారని ప్రకటించాడు, అది కట్నాల అంకె కావడం చేత అందరం నమ్మాం.

తెల్లవారుజామున అందరం పడుకొన్నాక వరుడు నాతో మెల్లగా అన్నాడు. "ఒరేయ్, ఆ అమ్మాయి లెక్కల్లో పట్టా పుచ్చుకొన్నది. నాకు ఎక్కాలు పన్నెండు దాటి రావు. నాతో ఏం మాట్లాడుతుందిరా?" నేను నిద్ర నటించాను. నాకు సమాధానం తెలియలేదు మరి.

మొదటి పంటులో దాటి పెళ్ళికి వెళ్ళాం. ఆ పెళ్ళికి నేను పద్య పంచరత్నాలు వ్రాశాను. మా కాలంలో అది మామూలు. మిత్రుడు తెలుగు పండితుడైతే శుభాకాంక్షలు గులాబీరంగు కాగితం మీద అచ్చవుతాయి, పెళ్ళిపందిట్లో చదువుతారు, పంచుతారు, ఎవరూ వినరు, కాగితాలు సున్నుండలు పొట్లం కట్టుకోవడానికి పనికివస్తాయి. నా పంచరత్నాలను ఒక చిన్న అచ్చుకూటంలో వేయించాను. ప్రూఫు దిద్దే వ్యవధి లేకపోయింది. అయిదవ పద్యంలో 'దంపతులు' అని ఉండవలసిన చోట 'దంతపులు' అని పడింది. అక్షరాలు పేర్చేవాడు తకార పకారాలకు స్థానాలు మార్చాడు. గణభంగం కాలేదు, యతికీ దెబ్బ తగలలేదు. అందుచేత పందిట్లో చదువుతున్న నాకు కూడా తెలియలేదు, ఉన్నదున్నట్లు చదివేశాను. తెర అవతలినుండి ఒక నవ్వు వినిపించింది. పెళ్ళికూతురు నవ్వింది. ఆ పద్యాలు విన్నది ఆవిడ ఒక్కతే.

ఆ నాటినుండి ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ 'దంతపులు'. నేను వెళితే "రండి మరిదిగారూ, మీ దంతపుల కాపురం చూద్దురుగాని" అనేది. పెళ్ళిరోజు వస్తే "దంతపుల వార్షికోత్సవం". చాలాకాలానికి మా మిత్రునికి కట్టుడు పళ్ళు పెట్టించినప్పుడు "ఇన్నాళ్ళకు మీ కవిత్వం నిజమైంది" అని నాకు ఫోను చేసింది. ఎక్కాలు రానివాడితో ఏం మాట్లాడుతుందన్న సందేహానికి ఆవిడ ముప్పై రెండేళ్ళపాటు సమాధానం చెబుతూనే ఉన్నది.

ఆ కాగితాన్ని ఆవిడే పటం కట్టించింది. దానికొక కారణం ఉన్నది. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన మహావరద మా వైపు వారెవ్వరూ మరచిపోలేరు. పెళ్ళి ఫోటోల పుస్తకం అప్పటికి ఆవిడ పుట్టింట్లోనే ఉన్నది. నీళ్ళు వచ్చి పెట్టెలు, ధాన్యం, పుస్తకాలు అన్నీ నానిపోయాయి. అత్తవారింట్లో ఆవిడ చీరల మడతలో పెట్టుకొన్న ఈ గులాబీరంగు కాగితం ఒక్కటి దక్కింది. వాళ్ళ పెళ్ళికి మిగిలిన సాక్ష్యం నా అచ్చుతప్పు.

ఇక ఏర్పాట్ల సంగతి. తేదీ చూడటం మొదటి చిక్కు. కార్తీకంలో కోటిపల్లి సోమేశ్వరస్వామి ఆలయానికి జనం విరగబడి వస్తారు కాబట్టి సోమవారాన్ని, పౌర్ణమిని తప్పించాం. శుక్రవారం సంతకాలు, బుధవారం రాత్రి రేవు. మధ్యలో ఒక రోజు నడుములు సరిచేసుకోవడానికి. మడత కుర్చీలు నాలుగు, దుప్పట్లు, దోమలకు అగరుబత్తీలు, ఎవరి మాత్రలు వారివి, పెద్ద ఫ్లాస్కులో కాఫీ. పులిహోర, పెరుగన్నం మా ఇంటినుండి. దారిలో తాపేశ్వరంలో ఆగి మడతకాజా కొనాలని పెళ్ళికొడుకు పట్టుబట్టాడు. వ్యాకరణం చూస్తూ ఊరుకోవాలన్నది షరతు. పానీయాల విషయం మేనల్లుడు మొహమాటంగా ఎత్తాడు. "నాయనా, మేము కాఫీకే తూలే వయస్సులో ఉన్నాం" అన్నాను. ఒకే రంగు చొక్కాల ముచ్చట మాత్రం తీర్చాలనిపించి, నలుగురికీ ఒకే రకం ఉప్పాడ కండువాలు తెప్పించాను. నలుగురికీ అని చెప్పి తెప్పించిన తరువాత గుర్తువచ్చింది, మేము ముగ్గురమే అని. అవధాని 2021 మే నెలలో కరోనాతో పోయాడు. ఎవరమూ చూడటానికి వెళ్ళలేకపోయాం. ఫోనులోనే విన్నాం, ఫోనులోనే ఏడ్చాం. నాలుగవ కండువా తిప్పి పంపలేదు.

రెండవ చిక్కు అసలు చిక్కు. చట్టం ముగ్గురు సాక్షులను అడుగుతుంది. ఇద్దరం ఉన్నాం. మూడవ సంతకం తన కూతురు చేయాలని మా మిత్రుని కోరిక. ఆమె విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగి. ఒక్కతే సంతానం. "పెళ్ళికి వస్తాను, సంతకం మాత్రం నన్ను అడగకండి" అన్నదట. అతడు ఆ మాట మాకు చెప్పకుండా పది రోజులు మ్రింగుకొని తిరిగాడు. చివరికి "నువ్వు ఒకసారి మాట్లాడరా, నీ మాట వింటుంది" అన్నాడు. చిన్నప్పుడు ఆ పిల్లకు ఛందస్సు చెప్పినవాడిని నేను. గురులఘువులు చెప్పినంత తేలిక కాదిది.

ఫోను చేశాను. తండ్రి ఒంటరితనం గురించి, పెద్ద వయస్సు గురించి నేను తయారు చేసుకొన్న ఉపన్యాసం సగంలో ఆమె ఆపేసింది.

"బాబాయ్, నాకు ఆ ఆంటీ మీద కోపం లేదు. నాన్న పెళ్ళి చేసుకొంటే బాధ లేదు. ఇల్లంతా సున్నాలు వేయించారు. అమ్మ ఫోటో గదిలోకి మార్చారు. నాన్న మూడు నెలలుగా ఫోనులో అమ్మ పేరెత్తడం లేదు. మీరు కూడా ఇప్పుడు పావుగంట మాట్లాడారు, ఒక్కసారి అమ్మ పేరు చెప్పారా? మీరంతా మంచివాళ్ళే, కాని అమ్మ అసలు లేనట్టే మాట్లాడుతున్నారు."

నా దగ్గర సమాధానం లేదు. నిద్ర నటించే వీలు కూడా ఈసారి లేదు.

"నిజమేనమ్మా" అన్నాను. అంతకంటె ఏమీ అనలేదు. ఆమె కూడా ఏమీ అనకుండా పెట్టేసింది.

బుధవారం మధ్యాహ్నం మేనల్లుడు కారు తెచ్చాడు. అతడు విశాఖపట్నం మీదుగా వచ్చాడు. వెనుక సీటులో తువ్వాలు చుట్టిన ఒక వస్తువు ఉన్నది. "వదిన పంపింది. రేవులో రాత్రి విప్పమన్నది. మావయ్య చేతనే చదివించమన్నది" అన్నాడు నా చెవిలో. విప్పకుండానే నాకు తెలిసింది. ఆ పటం ఎప్పుడు గోడ దిగి విశాఖపట్నం చేరిందో మాత్రం తెలియలేదు.

సాయంకాలానికి రేవు చేరాం. ముప్పై ఎనిమిదేళ్ళలో గోదావరి మారలేదనడం అబద్ధం. నదికి అడ్డంగా కోటిపల్లి–నరసాపురం రైలుమార్గం కోసం కట్టిన వంతెన స్తంభాలు బారులు తీరి నిలబడి ఉన్నాయి. (కోటిపల్లికి కాకినాడ నుండి ఒకప్పుడు రైలు ఉండేది, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో 1940లో పట్టాలు ఊడదీసుకొనిపోయారు, మరల 2004లో గాని వేయలేదు.) యానాం దగ్గర బాలయోగి పేరిట వంతెన వచ్చాక పంటు తప్పితే మునిగేదీ లేదు. అయినా పంటు నడుస్తూనే ఉన్నది. అవతలికి వెళ్ళే మోటారుసైకిళ్ళు బారులు తీరి ఉన్నాయి.

"ఆఖరు పంటండీ, రండి రండి" అని కుర్రవాడు పిలిచాడు.

"మేము ఎక్కం బాబూ, తప్పిపోవడానికి వచ్చాం" అన్నాడు వ్యాకరణం. ఆ కుర్రవాడు మమ్మల్ని ఒకసారి, మా కండువాలను ఒకసారి చూసి, ఇంకేమీ అడగలేదు. పంటు కదిలింది. మా పెళ్ళికొడుకు లేచి నిలబడి, అవధానిలాగ చేతులెత్తి "ఓ పంటూ!" అని ఒక కేక పెట్టాడు. గొంతు సగంలో ఆగిపోయింది. నాలుగవ కుర్చీమీద కండువా వేసి ఉంచాం. ఎవరం ఏమీ అనుకోలేదు. కాజాల పొట్లం మాత్రం మొదట ఆ కుర్చీమీద పెట్టి తరువాత తీసుకొన్నాం. వ్యాకరణం ఒకటి తిన్నాడు. చూడనట్టు ఊరుకొన్నాం.

భోజనాలైన తరువాత మేనల్లుడు తువ్వాలు విప్పి పటాన్ని మావయ్య చేతిలో పెట్టి, ఫోను దీపం పట్టుకొన్నాడు. అతడు చాలాసేపు చూశాడు. గులాబీరంగు వెలిసి ఎండిన ఆకు రంగుకు తిరిగింది. మొదటి నాలుగు పద్యాలు గడగడ చదివాడు. (నా యౌవన కవిత్వం! ఒక్కొక్క సమాసం ఒక్కొక్క పంటు పొడవు. ఇప్పుడైతే సగం కొట్టివేసేవాడిని.) అయిదవదానిలో ఆ మాట దగ్గరికి వచ్చి ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఆగాడు. మూడవసారి చదవగలిగాడు. చదివి, భార్య పేరు పెట్టి పిలిచినట్టుగా ఒకసారి అన్నాడు. మూడు నెలలు ఆ పేరు అతని నోట రాలేదని కూతురు చెప్పిన మాట నాకు అప్పుడు గుర్తువచ్చింది.

తరువాత చాలా మాట్లాడాడు. ఆవిడ చివరి రోజుల సంగతి. ఇంటికి సున్నం వేయించినది కొత్తగా వచ్చే ఆవిడకు ఇబ్బంది కలగకూడదనేగాని మరిచిపోవడానికి కాదన్న సంగతి. "వీథి గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడుకు లోపలినుండి 'వచ్చారా' అన్న మాట వినబడాలిరా. నాకు కావలసినది అంతే. అది అడగడం తప్పు కాదు గదా?" అని అడిగాడు. ఆ ప్రశ్న మాకు కాదు. వ్యాకరణం మాత్రం "తప్పు కాదు. 'వచ్చారా' అన్నది ప్రశ్నార్థకం కూడా కాదు, సంతోషార్థకం" అన్నాడు. అతని జీవితంలో అతడు చెప్పిన ఉత్తమమైన వ్యాకరణం అదే.

అవధానం జరగలేదు. చేసేవాడు లేడు. కుక్కల మొరుగులు మాత్రం మేనల్లుడు లెక్కపెట్టాడట, నలభైతో నిద్రపోయాడు.

తెల్లవారుజామున చలికి మెలకువ వచ్చేసరికి రేవు మెట్లమీద ఆడవాళ్ళు స్నానాలు చేసి అరటి దొప్పలలో దీపాలు వదులుతున్నారు. ఒక దీపం మెట్టుకు తగిలి ఆగిపోతే, వెనుక వచ్చిన మరొక దొప్ప దానిని ఆనుకొని నిలిచి, రెండూ కలిసి కదిలాయి. అంతకు ముందు నెల రోజులుగా కొత్త పెళ్ళికి ఏం వ్రాయాలో తోచక నేను తిప్పలు పడుతున్నాను. నూరేళ్ళు వర్ధిల్లండని ఒకసారి వ్రాసి చూశాను గదా! ఆ మాట మళ్ళీ వ్రాయడానికి చేయి రాలేదు. పాత ఆవిడ ఊసెత్తితే కొత్త ఆవిడకు కష్టమేమో, ఎత్తకపోతే కూతురికి కష్టం. ఆ మెట్టుమీద కూర్చొని, పంచరత్నాలు కాదు, ఒక్క ఆటవెలది మందుల చీటీ వెనుక వ్రాసుకొన్నాను.

ఆరిపోవ దెదల నానాటి దీపమ్ము
దాని వెలుగులోనె తలుపు తెరిచె
క్రొత్త దీప మొకటి కూరిమి మీరంగ
రెండు కలిసి యింట నుండుగాత!

గొప్ప పద్యమని నేననను. నాలుగవ పాదంలో ప్రాసయతి వేసి తప్పించుకొన్నానని పెద్దలు పట్టుకోవచ్చు. మొదటి పంటు వచ్చేలోగా వ్యాకరణానికి చూపిస్తే, 'పోవదు' బదులు 'పోదు' అనవచ్చునని, అంటే గణం చాలదని, తనే ప్రశ్నించి తనే సమాధానం చెప్పుకొన్నాడు.

గురువారం అచ్చు వేయించాను. ఇప్పుడు సీసపు అక్షరాలు లేవు, కంప్యూటరు మీద కూర్చిన కుర్రవాడి ప్రక్కన కూర్చొని నాలుగుసార్లు ప్రూఫు చూశాను. గులాబీరంగు కాగితమే. పైన 'నూతన దంపతులకు' అని శీర్షిక. అక్షరం అక్షరం వ్రేలితో తాకి చూశాను.

శుక్రవారం ఉదయం రిజిస్ట్రారు కార్యాలయంలో బల్లమీద వరుసగా కూర్చున్నాం. కొత్త పెళ్ళికూతురు ముదురాకుపచ్చ నేతచీరలో వచ్చింది. మా మిత్రుని కూతురు విశాఖపట్నం నుండి తెల్లవారు రైలులో వచ్చి, ఒక చివర కూర్చొన్నది. నేను కాగితాలు పంచాను. ఆమె చదివింది. మళ్ళీ చదివింది. ఏమీ అనలేదు. వధూవరుల సంతకాలయ్యాయి. నేను చేశాను. వ్యాకరణం తన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, విసంధి లేకుండా వ్రాశాడు. గుమాస్తా "మూడో సాక్షి ఎవరండీ?" అన్నాడు. మేనల్లుడు సగం లేచాడు. మా ఏర్పాటు అదే, ఆమె లేవకపోతే అతడు.

ఆమె లేచింది. నా జేబులోని కలం అడిగి తీసుకొన్నది. రిజిస్టరు వైపు వెళ్ళలేదు. ముందు తన చేతిలోని గులాబీరంగు కాగితాన్ని బల్లమీద పెట్టి, శీర్షికలో ఒక మాట కొట్టివేసి, పైన ఏదో వ్రాసి, ఆ కాగితాన్ని కొత్త పెళ్ళికూతురి చేతికిచ్చింది. ఆవిడ చదివి, అర్థం కాక, మా మిత్రుని వైపు చూసింది. అతడు కాగితం చూసి, కట్టుడు పళ్ళన్నీ కనబడేటట్లు నవ్వుతూ, కళ్ళు తుడుచుకొంటూ, "ఇంటికి వెళ్ళాక చెబుతాను, పెద్ద కథ" అన్నాడు.

"ఇక్కడ సంతకం చెయ్యండమ్మా" అన్నాడు గుమాస్తా. ఆమె చేసింది.